ఒకే టామ్‌క్యాట్, రెండు పోర్టులు: అమ్మాయికి బాబాయ్ ఉత్తరం

అమ్మాయ్,

నీ మెయిల్ చదివాను. టామ్‌క్యాట్, అంటే మీ జావా వెబ్ యాప్‌లని నడిపే సర్వర్, దాని సెట్టింగుల ఫైలు సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో 8080 పోర్టు కనెక్టర్ కిందే 8081కి ఇంకో కనెక్టర్ రాశావు. టామ్‌క్యాట్ ఏ పేచీ లేకుండా లేచింది. తీరా చూస్తే కస్టమర్ల యాప్, అడ్మిన్ యాప్ రెండూ రెండు పోర్టుల్లోనూ తెరుచుకుంటున్నాయి. "అడ్మిన్ 8081లోనే కనపడాలి బాబాయ్, ఎక్కడ తప్పు రాశాను?" అని అడిగావు. రాసిన దాంట్లో తప్పేమీ లేదు. నువ్వు రాసిందే టామ్‌క్యాట్ చేసింది, నీకు కావాల్సింది మాత్రం అది కాదు.

ఆ ఫైలు పైనుంచి కిందికి ఒకసారి నిదానంగా చదువు. అన్నిటికంటే బయట ఉన్నది సర్వర్ ట్యాగ్, అంటే మొత్తం జేవీఎం (జావాని నడిపే యంత్రం) ప్రాసెస్. దాని లోపల సర్వీస్. సర్వీస్‌లో కనెక్టర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు, ఇంజిన్ మాత్రం ఒక్కటే. ఇంజిన్‌లో హోస్ట్‌లు, హోస్ట్‌లో కాంటెక్స్ట్‌లు, అంటే నీ యాప్‌లు. రిక్వెస్ట్ ఏ కనెక్టర్లో దిగినా ఆ సర్వీస్‌కున్న ఆ ఒక్క ఇంజిన్ దగ్గరికే పోతుంది. ఇంజిన్ చూసేది ముందు హోస్ట్ పేరు, తర్వాత యూఆర్‌ఎల్‌లో దారి. పోర్టు నంబర్ అక్కడ ఎవరూ అడగరు. కనెక్టర్ ఇంటి గుమ్మం లాంటిది. పెరటి వైపు ఇంకో గుమ్మం పెట్టినంత మాత్రాన లోపలి గదులు మారవు.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. అవే యాప్‌లు ఇంకో పోర్టులో కూడా రావాలా, లేక ఒక్కో పోర్టులో ఒక్కో యాప్ రావాలా? మొదటిదైతే నువ్వు చేసిందే సరైన పద్ధతి. 8080లో మామూలు హెచ్‌టీటీపీ, 8443లో టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే గుప్తీకరణ) పెట్టేది అలాగే. రెండోదైతే కనెక్టర్ చాలదు, సర్వీసే ఇంకోటి కావాలి. నీది రెండోది.

ఇప్పుడున్న సర్వీస్ ట్యాగ్ ముగిశాక, సర్వర్ ట్యాగ్ ముగిసేలోపు, ఇంకో సర్వీస్ రాయి. పైదాన్ని కాపీ చేసి కింద అతికించి నంబర్ మార్చేసి ఊరుకోవద్దు. దాదాపు అందరూ చిక్కుకునేది అక్కడే. సర్వీస్ పేరు మారాలి. ఇంజిన్ పేరు కూడా మారాలి, ఇది చాలామంది వదిలేస్తారు. టామ్‌క్యాట్ జేఎస్‌పీలని, అంటే జావా కలిపి రాసిన పేజీలని, కంపైల్ చేసి పెట్టుకునే వర్క్ ఫోల్డర్లో ముందు ఇంజిన్ పేరు, దాని కింద హోస్ట్ పేరుతో డైరెక్టరీలు ఉంటాయి. కాన్ఫ్ ఫోల్డర్లో కాంటెక్స్ట్ ఫైళ్లు వెతికేదీ ఆ పేర్లతోనే. రెండు ఇంజిన్లకీ కాటలీనా అనే పేరే ఉంచితే ఒకదాని సామాను ఇంకోదాని మీద పడుతుంది, నడుస్తున్న జావాని బయటినుంచి గమనించే జేఎమ్‌ఎక్స్‌లో కూడా పేర్లు కలబడతాయి. ఇంజిన్‌లో డిఫాల్ట్‌హోస్ట్ అని ఇచ్చే పేరు, కింద రాసే హోస్ట్‌లలో ఒకదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

ఇక హోస్ట్‌లో ఉండే యాప్‌బేస్. రెండో హోస్ట్‌కి వెబ్‌యాప్స్ అనే పాత ఫోల్డరే ఉంచితే నీ యాప్‌లన్నీ రెండోసారి డిప్లాయ్ అవుతాయి. అంటే ఒకే యాప్ రెండు కాపీలుగా మెమరీలో కూర్చుంటుంది. డేటాబేస్ కనెక్షన్ పూల్ రెండు, లోపల రాత్రిపూట మెయిళ్లు పంపే షెడ్యూలర్ ఉంటే అదీ రెండు. కస్టమర్‌కి ఒకే మెయిల్ జంటగా వెళుతుంటే అందరూ మెయిల్ సర్వర్‌ని అనుమానిస్తారు, కారణం మాత్రం ఇక్కడ ఒక ఫోల్డర్ పేరులో ఉంటుంది. వెబ్‌యాప్స్-అడ్మిన్ అని పక్కన ఇంకో ఫోల్డర్ తెరిచి, అడ్మిన్ వార్ ఫైలు (యాప్ మొత్తాన్ని మూటకట్టిన ఫైలు) అందులో వేసి, పాత ఫోల్డర్లోంచి తీసెయ్. ఒక యాప్‌బేస్ లోపల ఇంకో యాప్‌బేస్ ఎప్పుడూ పెట్టకు. యూఆర్‌ఎల్‌లో యాప్ పేరు లేకుండా తిన్నగా తెరుచుకోవాలంటే వార్ ఫైలుకి రూట్ అని పేరు పెట్టాలి, అన్నీ పెద్ద అక్షరాల్లో.

యాప్‌లని సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే కాంటెక్స్ట్ ట్యాగ్‌తో ఇరికించమని ఎవరైనా చెబితే వినకు. ఆ ఫైలులో చిన్న మార్పు చేసినా మొత్తం టామ్‌క్యాట్ ఆపి లేపాలి. పైగా ఆ కాంటెక్స్ట్ చూపించే ఫోల్డర్ యాప్‌బేస్‌లోనే ఉంటే, యాప్‌బేస్‌లో కనపడినవన్నీ తనే ఎక్కించే ఆటోడిప్లాయ్ దాన్ని చూసి ఇంకోసారి ఎక్కిస్తుంది. కాన్ఫ్ కింద ఇంజిన్ పేరు, హోస్ట్ పేరు ఉన్న ఫోల్డర్లో విడి ఫైలుగా రాసుకో, హాయి.

రియల్మ్ గురించి విడిగా చెప్పాలి. యూజర్ల జాబితా, టామ్‌క్యాట్-యూజర్స్ ఫైలు చదివేది, సర్వర్ స్థాయిలో అందరికీ కలిపి ఉంటుంది. కానీ లాగిన్ సరిచూసే రియల్మ్ ట్యాగ్ ఉండేది ఇంజిన్ లోపల. నీ కొత్త ఇంజిన్‌లో అది రాయకపోతే టామ్‌క్యాట్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, ఎవరినీ లోపలికి రానివ్వని ఖాళీ రియల్మ్ ఒకటి తనే పెట్టుకుంటుంది. పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా 401, అంటే లాగిన్ కుదరలేదనే జవాబు, వస్తూనే ఉంటుంది. పాత ఇంజిన్‌లో ఉన్న రియల్మ్ భాగం, బయట ఉండే లాకౌట్ రియల్మ్‌తో (తప్పు పాస్‌వర్డ్‌లు పదేపదే కొట్టేవాళ్లని ఆపేది) సహా, కొత్తదాంట్లో కూడా పెట్టు. యాప్ తన లాగిన్ తనే చూసుకునే రకమైతే, అంటే స్ప్రింగ్ సెక్యూరిటీ లాంటి లాగిన్ లైబ్రరీ వాడుతుంటే, దీనితో నీకు పని లేదు. యాప్‌లని ఎక్కించి దించే టామ్‌క్యాట్ మేనేజర్ యాప్ కూడా ఒక ఇంజిన్‌కే పరిమితం. అది తానున్న హోస్ట్ వరకే చూస్తుంది, 8080లో ఉన్న మేనేజర్లో 8081 యాప్ కనపడలేదని కంగారు పడకు.

కనెక్టర్లో రీడైరెక్ట్‌పోర్ట్ అని ఉంటుంది చూశావా? హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అని యాప్ సొంత సెట్టింగుల ఫైలు వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాసిన పేజీకి మామూలు హెచ్‌టీటీపీలో వస్తే, టామ్‌క్యాట్ ఆ మనిషిని ఈ పోర్టుకి మళ్లిస్తుంది. కాపీలో అది 8443గానే ఉండిపోతే, 8081లో అడ్మిన్ పేజీ అడిగినవాడు మొదటి సర్వీస్‌లోకి పోయి 404 చూస్తాడు. రెండో సర్వీస్‌కి టీఎల్‌ఎస్ కనెక్టర్ 8444లో పెడితే ఇక్కడా 8444 అనే రాయాలి. వచ్చిన రిక్వెస్ట్‌లని రాసిపెట్టే యాక్సెస్ లాగ్ వాల్వ్‌లో ప్రిఫిక్స్, అంటే లాగ్ ఫైలు పేరు మొదటి భాగం, కూడా మార్చు, లేకపోతే రెండు హోస్ట్‌లూ ఒకే ఫైలులో రాస్తాయి, రేపు ఎవరు ఎటు వచ్చారో తెలియదు.

ఇదంతా అయ్యాక సర్వర్ లేపి కాటలీనా లాగ్ చూడు. 'హెచ్‌టీటీపీ-ఎన్‌ఐఓ-8080', 'హెచ్‌టీటీపీ-ఎన్‌ఐఓ-8081' అని రెండు హ్యాండ్లర్లు మొదలైన లైన్లు కనపడాలి. అంతకంటే ముఖ్యం, ఏ వార్ ఫైలు ఎన్నిసార్లు డిప్లాయ్ అయిందో లెక్కపెట్టు. ఒక్కొక్కటి ఒక్కసారే ఉండాలి.

ఇక్కడిదాకా వచ్చి పని అయిపోయిందనుకుంటారు. అసలు తలనొప్పి బ్రౌజర్లో మొదలవుతుంది, కాస్త జాగ్రత్తగా చదువు.

కుకీలకి పోర్టు తెలియదు. 2011లో వచ్చిన కుకీల ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6265 ఆ మాట తిన్నగానే చెబుతుంది, పోర్టు వేరైనంత మాత్రాన కుకీలు వేరు కావని. నువ్వెవరో గుర్తుపెట్టుకునే టామ్‌క్యాట్ సెషన్ కుకీ పేరు మామూలుగా జేసెషన్‌ఐడీ. దాని పాత్, యాప్ ఏ దారిలో ఉంటే అదే. ఇదివరకు నీ యాప్‌లు 8080లోనే వేర్వేరు దారుల్లో ఉన్నాయి కాబట్టి వాటి కుకీలు ఒకదాని జోలికి ఒకటి పోలేదు. ఇప్పుడు పోర్టులు వేరయ్యాయి కదా అని రెండిటినీ రూట్‌లో పెట్టావనుకో. రెండు యాప్‌లూ ఒకే హోస్ట్ పేరు మీద, ఒకే పాత్‌లో, ఒకే పేరుతో కుకీ రాస్తాయి. ఒక ట్యాబ్‌లో కస్టమర్‌గా లాగిన్ అవుతావు. పక్క ట్యాబ్‌లో అడ్మిన్ తెరిస్తే ఆ కుకీ అడ్మిన్‌కి వెళుతుంది, ఇది నాది కాదని అడ్మిన్ కొత్త సెషన్ ఇస్తుంది, పాత కుకీ పోయి దాని చోట కొత్తది కూర్చుంటుంది. మళ్లీ మొదటి ట్యాబ్‌కి వచ్చి ఏదో ఒక బటన్ నొక్కితే లాగిన్ పేజీ. అక్కడ లాగిన్ అయితే ఇక్కడ పోతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే కస్టమర్లకి ఇది రాదు, వాళ్లు అడ్మిన్ తెరవరు. వచ్చేదల్లా రెండూ ఒకే బ్రౌజర్లో తెరిచే మీ టెస్టర్లకి, సపోర్ట్ వాళ్లకి. డెవలపర్ ప్రైవేట్ విండోలో తెరిచి చూసి "నా దగ్గర బాగానే ఉందే" అంటాడు. సెషన్ టైమౌట్ పెంచుతారు, పెంచినా తగ్గదు. మందు చాలా చిన్నది. కాంటెక్స్ట్ ట్యాగ్‌లో సెషన్‌కుకీనేమ్ అనే లక్షణం ఇచ్చి అడ్మిన్ యాప్ కుకీకి వేరే పేరు పెట్టడమే. యాప్‌తో పాటే ఆ మార్పు కూడా ప్రయాణించాలనుకుంటే వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో సెషన్-కాన్ఫిగ్ కింద కుకీ-కాన్ఫిగ్‌లో పేరు రాయి. జావా వెబ్ యాప్‌ల ప్రమాణం సర్వ్‌లెట్ 3.0 నుంచి ఆ వీలుంది, అంటే టామ్‌క్యాట్ 7 నుంచి. నా మాటైతే, పోర్టులు విడదీయకముందే ప్రతి యాప్‌కీ సొంత కుకీ పేరు పెట్టేసుకోవాలి.

తమాషా ఏమిటంటే జావాస్క్రిప్ట్ దగ్గరికి వచ్చేసరికి బ్రౌజర్ ఇదే పోర్టుని పట్టించుకుంటుంది. 8080 పేజీలోంచి 8081లో ఉన్న ఏపీఐని పిలిస్తే అది వేరే ఆరిజిన్, అంటే వేరే సైటు, కింద లెక్క, అవతలి సర్వర్ అనుమతి తెలిపే కార్స్ హెడర్లు లేకపోతే సమాధానాన్ని స్క్రిప్ట్‌కి అందనివ్వదు. కుకీకి ఒక్కటే ఇల్లు, స్క్రిప్ట్‌కి రెండు ఇళ్లు. ఈ రెండూ గుర్తుంటే సగం బగ్గులు చూడగానే అర్థమవుతాయి.

థ్రెడ్‌ల సంగతి. థ్రెడ్ అంటే ఒకసారి ఒక రిక్వెస్ట్ చూసే పనివాడు. ప్రతి కనెక్టర్‌కి మామూలుగా 200 వరకు థ్రెడ్‌లు. రెండో కనెక్టర్ పెడితే ఇంకో 200. నీ డేటాబేస్ పూల్ అందులో పదో వంతు కూడా లేకపోతే, థ్రెడ్‌లు పెంచినకొద్దీ క్యూ పెరుగుతుంది తప్ప పని పెరగదు. అడ్మిన్‌కి మ్యాక్స్‌థ్రెడ్స్ 20 లేదా 25 పెట్టు, చాలు. ఎగ్జిక్యూటర్ అని ఉమ్మడి పూల్ పెట్టొచ్చు కానీ అది ఒక సర్వీస్ లోపలి కనెక్టర్లకే, రెండు సర్వీస్‌లు పంచుకోలేవు. నీ పనికి అదే మంచిది. కస్టమర్ల రద్దీలో అడ్మిన్‌కి థ్రెడ్ దొరకని పరిస్థితి రాదు.

కానీ మెమరీ మాత్రం ఉమ్మడే. సర్వీస్‌లు ఎన్ని పెట్టినా జేవీఎం ఒక్కటే, అది వాడే మెమరీ కుప్ప, హీప్, ఒక్కటే. అడ్మిన్‌లో ఎవరో సంవత్సరం మొత్తం రిపోర్ట్ ఎక్సెల్లోకి దింపమని నొక్కితే ఆ గార్బేజ్ కలెక్షన్‌కి (వాడేసిన మెమరీ ఊడ్చే పని) కస్టమర్ల పేజీలు కూడా ఆగుతాయి. ఔట్ ఆఫ్ మెమరీ వస్తే రెండూ పోతాయి. అడ్మిన్ కొత్త వెర్షన్‌కి సర్వర్ రీస్టార్ట్ కావాలంటే కస్టమర్లూ కాసేపు బయటే. కాబట్టి రెండు సర్వీస్‌ల పద్ధతి నీకు వివరంగా చెప్పాను కానీ, మీ పరిస్థితికి నేనైతే అది ఎంచుకోను. రెండు విడి టామ్‌క్యాట్‌లు నడుపుతాను.

అంటే టామ్‌క్యాట్‌ని రెండుసార్లు ఇన్‌స్టాల్ చెయ్యమని కాదు. కాటలీనా హోమ్, కాటలీనా బేస్ అని రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉన్నాయి. హోమ్‌లో టామ్‌క్యాట్ ప్రోగ్రామ్ ఉంటుంది, అది ఇద్దరికీ ఉమ్మడి. బేస్ ఒక్కొక్కరికి విడి: అందులో కాన్ఫ్, లాగ్స్, వెబ్‌యాప్స్, వర్క్, టెంప్ ఫోల్డర్లు. బేస్ కింద బిన్‌లో సెటెన్వ్ అనే చిన్న స్క్రిప్ట్ పెడితే ఒక్కోదానికి ఒక్కో హీప్ సైజు ఇవ్వొచ్చు. భద్రతా ప్యాచ్ వచ్చినప్పుడు హోమ్ ఒక్కటి మారిస్తే ఇద్దరికీ వర్తిస్తుంది. ఎప్పుడైనా ఒక యాప్ జకార్తా అనే కొత్త ప్యాకేజీ పేర్లకి మారి టామ్‌క్యాట్ 10 అడిగితే, ఇంకోటి పాత జావాఎక్స్ పేర్లతోనే 9లో ఉండిపోవాల్సి వస్తే, ఈ పద్ధతిలో ఒకదాని హోమ్ మార్చుకుంటే సరి. ఒకే జేవీఎంలో అది కుదరదు.

ఇక్కడ మాత్రం షట్‌డౌన్ పోర్ట్ చూసుకో. సర్వర్ ట్యాగ్‌లోనే 8005 అని ఉంటుంది. రెండు బేస్‌లకీ అదే ఉంటే రెండోది లేచీ లేవగానే ఆగిపోతుంది. లాగ్‌లో ముందు సర్వర్ స్టార్టప్ ఇన్ని మిల్లీసెకన్లు అని నిక్షేపంగా కనపడుతుంది, దాని కిందే షట్‌డౌన్ సాకెట్ దొరకలేదని ఎర్రర్, ఆ వెంటనే కనెక్టర్లు మూసుకున్న లైన్లు. స్టార్టప్ లైన్ వరకే చదివినవాడికి ఎప్పటికీ అర్థం కాదు. ఇంకో ప్రమాదం దీనికంటే పెద్దది: రెండోది నడవడం లేదు, అయినా ఎవరో దాని షట్‌డౌన్ స్క్రిప్ట్ నడిపారు. ఆ స్క్రిప్ట్ 8005కి ఆపమనే మాట పంపుతుంది. అక్కడ వింటున్నది కస్టమర్ల సర్వర్. అది బుద్ధిగా ఆగిపోతుంది. లినక్స్‌లో ప్రోగ్రాములని లేపి ఆపే సిస్టమ్‌డీతో నడిపేటట్లయితే రెండిటికీ షట్‌డౌన్ పోర్ట్ -1 పెట్టి దాన్ని మూసెయ్, ఆపడం సిస్టమ్‌డీ సిగ్నల్‌తో చూసుకుంటుంది. స్క్రిప్టులతోనే నడిపితే ఒకటి 8005, ఇంకోటి 8006, ప్రాసెస్ నంబర్ రాసుకునే కాటలీనా పిడ్ ఫైళ్లు కూడా విడివిడిగా పెట్టు.

కనెక్టర్ పోర్ట్ ఇంకెవరో వాడుతుంటే ప్రవర్తన దీనికి తిరగబడి ఉంటుంది. 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని లాగ్‌లో రాస్తుంది కానీ టామ్‌క్యాట్ ఆగదు, ఆ కనెక్టర్ లేకుండానే నడుస్తూ ఉంటుంది. ప్రాసెస్ ఉంది కదా అని మానిటరింగ్ పచ్చగానే చూపిస్తుంది. లినక్స్‌లో 'ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ', విండోస్‌లో 'నెట్‌స్టాట్ -ఏఎన్ఓ' కొడితే ఏ పోర్టుని ఏ ప్రాసెస్ పట్టుకుందో తెలుస్తుంది. మానిటరింగ్ వాళ్లకి ప్రాసెస్‌ని కాదు, పోర్టుని పలకరించమని చెప్పు.

అడ్మిన్‌ని 8081కి మార్చితే భద్రంగా ఉంటుందని రాశావు. ఆ మాట ఒప్పుకోను. పోర్ట్ స్కాన్ చేసేవాడికి 8080 ఎంతో 8081 అంతే. కనెక్టర్లో అడ్రస్ రాయకపోతే మెషీన్‌కున్న అన్ని ఐపీల మీదా వింటుంది. లోపలి నెట్‌వర్క్ ఐపీ ఇచ్చి దానికే కట్టెయ్, టామ్‌క్యాట్ ముందు నిలబడి రిక్వెస్ట్‌లు అందించే ప్రాక్సీ అదే మెషీన్‌లో ఉంటే 127.0.0.1 (అదే మెషీన్‌కి మాత్రమే వినపడే అడ్రస్) ఇవ్వు. ఫైర్‌వాల్, క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్, విడిగా చూడు. సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో 8009 ఏజేపీ కనెక్టర్ (ముందున్న వెబ్ సర్వర్‌తో మాట్లాడే పాత దారి) ఇంకా తెరిచి ఉంటే, వాడకపోతే తీసెయ్. 2020లో గోస్ట్‌క్యాట్ అని బయటపడిన లోపం దాని గుండానే వచ్చింది, ఆ తర్వాతి వెర్షన్లలో దాన్ని కామెంట్‌లో పెట్టి ఇస్తున్నారు. మీది పాత వెర్షన్ నుంచి కాపీ చేసుకుంటూ వచ్చిన ఫైలు అయితే అది ఇంకా ఉండే ఉంటుంది.

80, 443 పోర్టులు కావాలని మీ మేనేజర్ అడిగితే టామ్‌క్యాట్‌ని సర్వాధికారాలున్న రూట్ యూజర్‌తో లేపొద్దు. 1024 కంటే తక్కువ పోర్టులకి లినక్స్ మామూలుగా ప్రత్యేక హక్కు అడుగుతుంది. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ గానీ అపాచీ గానీ ప్రాక్సీగా పెట్టి, సైటు పేరు బట్టి 8080కో 8081కో పంపించు. అప్పుడు కుకీ గొడవ కూడా చాలావరకు పోతుంది, పేర్లు వేరు కదా. ప్రాక్సీ వెనక ఉన్నప్పుడు యాప్ తయారుచేసే లింకుల్లో 8081 బయటికి కారకుండా కనెక్టర్లో ప్రాక్సీనేమ్, ప్రాక్సీపోర్ట్, స్కీమ్ ఇవ్వడం మర్చిపోకు.

వేరే ప్రాజెక్ట్‌లో వైల్డ్‌ఫ్లై అన్నావు, అదీ టామ్‌క్యాట్ లాంటి జావా సర్వరే. దాంట్లో రెండో ఇన్‌స్టెన్స్‌కి పోర్ట్-ఆఫ్‌సెట్ 100 ఇస్తే చాలు, 8080 కాస్తా 8180, మేనేజ్‌మెంట్ 9990 కాస్తా 10090 అవుతుంది, అన్నీ కలిసి జరుగుతాయి. ఈ విషయంలో టామ్‌క్యాట్ కంటే అది సుఖం. ఒకే ఇన్‌స్టెన్స్‌లో విడదీయాలంటే దాని వెబ్ భాగమైన అండర్‌టో సబ్‌సిస్టమ్‌లో ఇంకో సర్వర్ రాసి, యాప్‌లోని జేబాస్-వెబ్ ఫైలులో సర్వర్-ఇన్‌స్టెన్స్ పేరు చెప్పాలి. జెట్టీ అనే ఇంకో సర్వర్లో కనెక్టర్‌కి పేరు పెట్టి, యాప్ వర్చువల్ హోస్ట్‌లో ఆ పేరు ముందు 'ఎట్' గుర్తు పెట్టి రాస్తే అయిపోతుంది. సర్వర్‌ని తనలోనే మోసే స్ప్రింగ్ బూట్ యాప్‌లో హెల్త్ చెక్ లాంటి యాక్చువేటర్ పేజీలకి మాత్రమే విడి పోర్టు కావాలంటే మేనేజ్‌మెంట్.సర్వర్.పోర్ట్ అని ఒక్క లైను.

ఇవాళ చెయ్యగలిగింది కుకీ పేర్లు మార్చడం, ఏజేపీ తీసెయ్యడం. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మామూలు రిలీజ్‌లో పోతాయి. రెండో బేస్ ముందు టెస్ట్ మెషీన్‌లో లేపు. ఒకదాన్ని ఆపి ఇంకోటి నడుస్తోందో లేదో, తర్వాత అటుదిటు, రెండు వైపులా చూశాకే ప్రొడక్షన్ మాట ఎత్తు. 8081లో లాగిన్‌కి 401 వస్తుంటే నీ ఇంజిన్ ట్యాగ్ మొత్తం నాకు పంపు, పాస్‌వర్డ్‌లు తీసేసి.

ఆశీస్సులతో,
బాబాయ్